నేను ఇంగ్లీషు నేర్చుకున్న మూడు నెలలు

సొంత ఖర్చుతో, సొంత తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా తన బతుకును తానే గోదాట్లో ముంచుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ముప్పై నిండాయి. యానాంలో బడిపిల్లలకు ఆరేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంట్లో పెళ్లి ఊసెత్తితే చెప్పులేసుకుని గుమ్మం దాటేస్తున్నాను. కారణం రోజలీన్. ఫరంపేటలో మా వెనక వీధి అమ్మాయి. తల్లిదండ్రులతో ఫ్రాన్సు వెళ్లిపోయింది. వెళ్లేరోజు బస్సు దగ్గర "వెళ్ళొస్తానండీ మాస్టారూ" అంది. నేను "బస్సులో కిటికీ పక్కన కూర్చో, గాలి తగులుతుంది" అన్నాను. రెండేళ్లు గుండెలో మోసిన మాట అదా, చెప్పండి!

ఆర్నెల్లకు ఉత్తరం వచ్చింది. "ఇక్కడ స్కూళ్లలో ఇంగ్లీషు చెప్పేవోళ్ళు కావాలంటండి. ఏదైనా ట్రైనింగు చేసిన కాయితం ఉంటే నేను పంజేసే స్కూలు పెద్దావిడతో మాట్టాడతాను" అని రాసింది. ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాను.

వెంటనే మద్రాసులో ఓ శిక్షణ సంస్థకు రాసి వివరాల పుస్తకం తెప్పించాను. అందులో రెండు కోర్సులున్నాయి. ఒకటో నెంబరు, విదేశాల్లో ఇంగ్లీషు బోధించదలచిన భారతీయులకు. రెండో నెంబరు, ఫ్రెంచి ప్రాంతాల్లో పుట్టినవారికి ప్రత్యేకం. దేనిలో ప్రత్యేకమో అందులో లేదు. నేనూ అడగలేదు. సలహా కోసం రోజలీన్ తాతగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. విదేశం అన్న మాట వినబడితే యానాం అంతా ఆయన అరుగు ఎక్కాల్సిందే.

"ఏరా మాస్టారూ, నువ్వు పుట్టినప్పుడు మన ఊరి మీద ఎవరి జెండా ఉందిరా?"

"ఫ్రెంచోళ్ళదే తాతా."

"నీ పుట్టిన కాయితం ఏ భాషలో ఉంది?"

"ఫ్రెంచిలోనే."

"మరింకేంట్రా! ఒకటో నెంబరు కాకినాడోళ్ళకిరా. మనకి రెండోదే."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పుట్టినతేదీకి పదో తరగతి సర్టిఫికెట్ చాలని పుస్తకంలో ఉన్నా, రెండో నెంబరు దరఖాస్తుకు ఆ ఫ్రెంచి కాగితాన్నే జతచేసి పంపాను.

మద్రాసులో మొదటిరోజు టీచరమ్మ నా కాగితం చూసి మురిసిపోయి, ఫ్రెంచిలో ఏదో గడగడా అడిగింది. నాకు ఒక్క ముక్క తెలియదు. తెలియదంటే ఫ్రాన్సు చేజారిపోతుందేమోనని తల ఊపాను. ఆవిడ ఇంకోటి అడిగింది. మరింత బలంగా ఊపాను. తర్వాత బోర్డు వైపు తిరిగి పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: దిస్ ఈజ్ ఎ పెన్.

అయ్యా, అది ఇంగ్లీషు రానివాళ్లకు ఇంగ్లీషు నేర్పే క్లాసు!

ఆఫీసులో గుమాస్తా నెల్లూరాయన. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను.

"సార్, నేను ఇంగ్లీషు మాస్టర్నండి. ఒకటో నెంబర్లోకి మార్చండి."

"అది నిండిపోయిందయ్యా. అయినా ఫ్రెంచి బ్రహ్మాండంగా వచ్చని మేడంతో అన్నావంటనే?"

"నేనేం అనలేదండి. తల ఊపానంతే."

"మరెందుకు ఊపినావు?"

ఊరంతా చెప్పుకుని వచ్చాను, తిరిగి వెళ్లే ముఖం లేదు. ఏదో ఒక కాగితమైతే చేతికొస్తుంది కదా అని మూడు నెలలూ కూర్చున్నాను. అటూ ఇటూ ఏదో దీవి నుంచి వచ్చిన కుర్రాళ్లు ఫ్రెంచిలో కష్టసుఖాలు చెప్పుకునేవారు. నేను మధ్యలో తల ఊపుతూ, పెన్ను చూపించి పెన్ను అంటూ బతికాను. సాయంత్రం బీచికి వెళ్లి, ఈ నీళ్లకు అవతల ఎక్కడో రోజలీన్ ఉంది కదా అనుకునేవాణ్ని. అంత బెంగ నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

చివరికి సర్టిఫికెట్ వచ్చింది. "ఆశ్చర్యకరమైన ప్రగతి సాధించారు. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలను తప్పుల్లేకుండా పలకగలరు" అని ఉంది. సంతకం, ముద్ర అన్నీ బాగున్నాయి. సిగ్గు విడిచి దాన్నే రోజలీన్‌కు పంపాను.

జవాబు వచ్చింది. "మాస్టారూ, మా పెద్దావిడకి చూపించానండి. పాపం చాలా జాలిపడింది. మీరు ఇక్కడికొస్తే చిన్నపిల్లల క్లాసులో కూర్చోపెట్టి ఇంగ్లీషు నేర్పిస్తానంది. నవ్వీ నవ్వీ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినాయి. అవన్నీ నవ్వుకొచ్చినవి కావులెండి."

ఆ తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండోది తన పెళ్లి కబురు.

కాబట్టి పాఠక మహాశయులారా, స్నానం చేసి, తూర్పుకు తిరిగి, రెండు ప్రమాణాలు చేశాను. తెలియని భాషలో ఎవరేం అడిగినా ఈ జన్మలో తల ఊపను. తెలిసిన భాషలో చెప్పాల్సిన మాటను మనిషి ఎదురుగా ఉండగానే చెప్పేస్తాను. రెండోదానికి ఇక అవకాశం లేదు గనుక, మొదటిదాన్ని మాత్రం మహా నిష్ఠగా పాటిస్తున్నాను.