నీళ్ళ బిళ్ళతో కోరాపుట్ నుంచి రాయగడ దాకా

మూడు నెలల క్రితం డాక్టరుగారు నా బీపీకి ఒక చిన్న తెల్ల మాత్ర రాశారు. మా విజయనగరం వైపు దాన్ని నీళ్ళ బిళ్ళ అంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపేసి బీపీ తగ్గిస్తుంది. పొద్దున్నే వేసుకున్నానంటే రెండు మూడు గంటలు బాత్రూముకి దూరంగా ఉండలేను. నేను బడిలో లెక్కలు చెబుతాను, ప్రయాణాలంటే చెవి కోసుకుంటాను. అలాంటిదాన్ని మూడు నెలలు ఊరు దాటలేదు. ఈ మాత్రతో నా తిరుగుళ్ళు ముగిసినట్టేనా అన్నది తేల్చుకుందామనే ఒడిశాలోని కోరాపుట్ బయలుదేరాను. బయలుదేరిన రోజే చేయకూడని పని చేశాను. బస్సులో ఇబ్బంది అవుతుందని మాత్ర మానేశాను.

విజయనగరంలో ఉదయం ఆరింటి బస్సు సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, సెమిలిగుడలో అరగంట ఆగి, మధ్యాహ్నానికి కోరాపుట్ చేర్చింది. దారంతా రెండు గుక్కల నీళ్ళు కూడా తాగలేదు. ఆడవాళ్ళకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. సాయంత్రం జగన్నాథుడి గుడి మెట్లెక్కుతుంటే తల దిమ్ముగా అనిపించింది. ఎండ వల్లేననుకున్నాను. మర్నాడు ఊళ్ళో తిరగాలని మళ్ళీ మానేశాను. మూడో రోజు పొద్దున్నే రాయగడకి కారు మాట్లాడుకున్నాను. మూడున్నర వేలు, దాదాపు మూడు గంటల దారి. ఆ రోజూ మాత్ర సంచిలోనే ఉండిపోయింది. డ్రైవరుకి ముందే చెప్పాను, మధ్యలో ఎక్కడా ఆపొద్దని.

డ్రైవరు పేరు సింహాచలం. బొబ్బిలి దగ్గర పుట్టి, పాతికేళ్ళుగా సెమిలిగుడలో ఉంటున్న యాభై ఏళ్ళ మనిషి. ఆరున్నరకి బయలుదేరాం. కొండలమీద మబ్బులు ఇంకా విడలేదు, రోడ్డుకి రెండువైపులా అల్లం చేలు. నాకు ప్రశ్నలడిగే జబ్బొకటుంది. ఎన్ని గంటలు నడుపుతారు, ఎక్కడ తింటారు, పొద్దున్నుంచి ఏం తాగారు అని ఒకటే ప్రశ్నలు. "బండి ఎక్కితే నీరు ముట్టనమ్మా. ఘాట్‌లో ఎక్కడ ఆపుతాం?" అన్నాడు. ఇది మా ఆడవాళ్ళ పద్ధతే కదా అని నవ్వుకున్నాను.

లక్ష్మీపూర్ ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా ఒక మలుపులో బ్రేకు ఆలస్యంగా పడింది. కారు రోడ్డు దిగి, కంకరమీద జారి, లోయ అంచుకి బారెడు దూరంలో ఆగింది. సింహాచలం రెండు చేతులతో కుడి పిక్క పట్టుకుని పళ్ళు బిగబట్టాడు. కాలు పట్టేసిందట. కాసేపటికి దిగబోయి తూలి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది బాబూ, షుగరా?" అన్నాను.

"కాదమ్మా, బీపీ. నీరు పోయే బిళ్ళ ఇచ్చేరు. డ్యూటీ ఉన్న రోజు నాను ఏసుకోను. పేసింజర్లు ఊరుకోరు కదా, గడియకోసారి బండి ఆపితే. అందుకే సెలవు రోజున మిగిలిపోయినవన్నీ కలిపేసి ఏసుకుంతాను. నిన్న నాలుగు ఏసేను. మా స్టాండులో ముగ్గురం ఇలాగే సేత్తాం."

ఒళ్ళు మండింది. నాలుగు మాత్రలు ఒకేసారి మింగి ఘాట్ రోడ్డుమీద నన్ను తీసుకొచ్చావా అని అరిచేశాను. అప్పుడు గుర్తొచ్చింది నా సంచిలో మాత్రల సంగతి, ఎక్కడా ఆపొద్దని నేను చెప్పిన మాట కూడా. నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చాను.

వెనకాల వస్తున్న లారీ ఆగింది. అందులో ఇద్దరు డ్రైవర్లున్నారు. ఒకాయన మా కారు నడిపి లక్ష్మీపూర్ బజారులో మందుల షాపు ముందు దించాడు. షాపు నడిపే వరలక్ష్మిది పార్వతీపురం. జరిగిందంతా విని, సింహాచలాన్ని కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడితే బాగా పడిపోతోంది.

"ఏటన్నయ్యా ఇది, బిళ్ళలకి బాకీ తీరుస్తారేటి?" అంది. "నాలుగు రోజులూ బీపీ ఎక్కిపోద్ది, ఐదో రోజున నీరూ ఉప్పూ అన్నీ ఊడ్చుకుపోతాయి. పిక్కలు అందుకే పట్టేస్తన్నాయి. నడుం నొప్పికి కూడా ఏటైనా ఏసుకుంతన్నారా?"

అప్పుడప్పుడూ వేసుకుంటానన్నాడు. నొప్పి మాత్రలు కొన్నిటికీ ఈ మాత్రకీ పడదని, మూత్రపిండాలకి చెరుపని, డాక్టరుకి చెప్పకుండా వేసుకోవద్దని చెప్పి, పనివాణ్ణి తోడిచ్చి ఆసుపత్రికి పంపింది. అక్కడ రక్తం తీసుకుని, ఆ పూట స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు.

అతను వెళ్ళాక, నాకూ బీపీ ఉందని చెబితే, ఆ బీపీ పట్టీ నా చేతికి చుట్టింది. నూట డెబ్భై చిల్లర. "అక్కా, మీరేటి సేసేరు?" అని నెమ్మదిగా అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులవీ కలిపి ఇప్పుడు వేసుకోనా అన్నాను, అంతా విన్నాక కూడా. "ఒక్కటే. నిన్నటిది నిన్నటితోనే పోయింది," అంది. మా డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయనా అదే మాట అని, నాలుగు అక్షింతలు కూడా వేశారు.

తొమ్మిదిన్నరకి ఒకటి వేసుకున్నాను. షాపు వెనకే వాళ్ళ ఇల్లు. వరలక్ష్మి నన్ను అక్కడే కూర్చోబెట్టి ఉప్పు తగ్గించి వండిన ఉప్మా పెట్టింది. కుతూహలం కొద్దీ గడియారం చూస్తూ లెక్క రాసుకున్నాను. పన్నెండు లోపు నాలుగుసార్లు, ఆ తర్వాత మామూలే. మూడు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన భయం ఆ పూటతో సరి. ఒంటిగంట బస్సెక్కాను. మధ్యలో నీళ్ళూ తాగాను. మూడు దాటాక రాయగడలో దిగి మజ్జిగౌరమ్మ గుడికి నడిచి వెళ్ళాను. తల దిమ్ము లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికి చేరిన వారానికి సింహాచలం ఫోన్ చేశాడు. రక్తంలో ఉప్పులు బాగా తగ్గాయట. డాక్టరు మందు మార్చి, రోజూ ఒకటే వేసుకోమన్నారట. పొద్దుటి బేరాలు కొన్ని పోతున్నాయి అన్నాడు, కానీ స్టాండులో మిగతా ఇద్దరినీ కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ మలుపు ఇప్పటికీ నన్ను వదలలేదు. తప్పు అతనొక్కడిదే అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. కానీ మాత్ర మింగడం మా ఇద్దరికీ రాక కాదు, దారిలో ఆగడానికి మా ఇద్దరికీ మొహమాటం.

మీరూ ఈ మాత్ర వాడుతూ ఇటు వెళ్ళేట్టయితే, వేసుకునే వేళ గురించి ప్రయాణానికి ముందే మీ డాక్టరుతో మాట్లాడుకోండి, మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. కారు మాట్లాడుకునేటప్పుడు మాత్రం దారిలో రెండుచోట్ల ఆగాలని మీరే చెప్పండి. ఆ మాట డ్రైవరు అనలేడు.