ఎలుక మీసాలు, ఉమ్మడి పటం

ఉమ్మడి అనే మాట వింటేనే నాకు అనుమానం. ఉమ్మడి కొళాయి దగ్గర ఎవరి బిందె ముందుంటుందో, ఉమ్మడి వంటింట్లో ఎవరి చేతులు మాడతాయో చూసినదాన్ని. అందుకే మా పెద్దసారు ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట మెదడు పటాన్ని నాలుగు బృందాలూ కలిసి గీయాలనీ, ఎవరు గీసింది వాళ్లు ఆ సాయంత్రానికే అందరికీ కనబడే కంప్యూటర్లో పెట్టాలనీ, అచ్చయ్యేదాకా దాచుకునే పద్ధతి ఇక లేదనీ చెప్పినప్పుడు, మిగతావాళ్లు చప్పట్లు కొడితే నేను చెయ్యెత్తాను. ముందు చూసినవాడు ముందు అచ్చు వేసుకుంటే ఎవరిని అడగాలి సార్ అన్నాను. ఆయన నవ్వి టీ తెప్పించారు. టీ జవాబెలా అవుతుంది?

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, తొంభైలలోనే బెంగళూరులోని ఆ పరిశోధన సంస్థలో చేరాను. నా పని ఎలుక మెదడు. దాన్ని గడ్డకట్టించి, ఉల్లిపొరలా కోసి, ఆ ముక్కను కుంచెతో గాజుపలక మీదికి ఎక్కించి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూస్తూ పెన్సిల్‌తో గీయాలి. చీకట్లో ఎలుకకు మీసాలే కళ్లు. ఒక్కో మీసానికి మెదడులో ఒక్కో గడి ఉంటుంది. ఎడమ మీసాల గళ్లు కుడి మెదడులో, కుడి మీసాలవి ఎడమ మెదడులో వరసలు తీరి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కూర్చుని నేసినట్టు అనిపించింది.

నేత గుర్తుకు రావడం సహజమే. మా నాయనకు బెంగళూరు చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడి ఉండేది. కొత్త డిజైను వస్తే కింది అరలో పెట్టి పైన పాత దుప్పటి కప్పేవాడు. పక్కంగడివాళ్లు కొనేవాళ్లలాగా మనిషిని పంపి చూసిపొమ్మనేవాళ్లు. పండగ రాకముందే అదే అంచు వాళ్ల గుమ్మంలో వేలాడేది. "అమ్మేటప్పుడు చూపియ్యల్ల పాపా, నేసేటప్పుడు కాదు" అనేవాడు. ఆ ఇంట్లో పెరిగినదానికి ఉమ్మడి కంప్యూటర్ గొప్పతనం చెబితే ఎక్కుతుందా?

మామూలు బొమ్మలన్నీ పెట్టాను. ఒక్క పెట్టె మాత్రం పెట్టలేదు. పుట్టిన వెంటనే ఎడమ పక్క ఒక వరస మీసాలు కుదుళ్లతో సహా తీసేసిన ఎలుకల ముక్కలు అందులో ఉన్నాయి. వాటి కుడి మెదడులో ఆ వరస గళ్లు చెరిగిపోయి, పక్క వరసలవి ఆ చోట్లోకి పాకాయి. ఖాళీ స్థలం కనబడితే మన ఊళ్లో కంచె జరిగినట్టే. దాన్ని నా పేరు మొదట ఉండేలా అచ్చు వేయించాలని నా పట్టుదల. అంతకుముందు నా బొమ్మలతో వచ్చిన వ్యాసాలన్నింటిలో నేను చివర కృతజ్ఞతల్లోనే ఉన్నాను, కరెంటు ఇచ్చినవాళ్ల సరసన.

ఇలా ఉండగా ఒక ఉదయం ఉమ్మడి పటంలో నా బొమ్మలన్నింటి మీదా ఎర్రగీత కనబడింది. పక్కన "సందేహాస్పదం" అని ఉంది. బొమ్మలు అతికే కంప్యూటర్ బృందం ఊరి చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అద్దె గదిలో కూర్చునేది. రెండు బస్సులు మారి వెళ్లాను. ఆ పని చూసేది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు, ఎలుకను బోనులో కూడా చూసి ఉండడు.

"మూడు టీమ్స్ డేటా మ్యాచ్ అవుతోంది మేడమ్. మీదొక్కటే రివర్స్. మీ లెఫ్ట్ వెళ్లి వాళ్ల రైట్‌లో పడుతోంది. ఫ్రైడే మీటింగ్‌లో తీసేద్దామన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ మేడమ్."

"అందరూ ఒకేసారి నోరు తెరవరు బాబూ. ముందు తెరిచిందెవరో చెప్పు."

అతను మంచినీళ్లు తాగాడు. నేను దారి పొడుగునా లెక్కవేసుకున్నాను. పటంలో నా భాగానికి ఆనుకుని ఉన్నది ఆసుపత్రి బృందం భాగం. నాది పోతే వాళ్లది ఆ చోట్లోకి జరుగుతుంది. వాళ్ల పెద్ద డాక్టరమ్మ కనబడినప్పుడల్లా నన్ను భోజనం చేశారా అని అడిగేది. అలా అడిగేవాళ్లను నేనెప్పుడూ నమ్మలేదు.

శుక్రవారం అందరం ఒక బల్ల చుట్టూ చేరాం. డాక్టరమ్మ బొమ్మ చూపించి, ఇది ఎడమ, ఇది కుడి అంటోంది. నాకు ఒళ్లు మండి, మీరే ఎలుక అనుకోండి, ఈ బొమ్మ గీయడానికి నేనెక్కడ నిలబడాలో చెప్పండి అన్నాను. ఆవిడ కోప్పడకుండా కుర్చీలో నిటారుగా కూర్చుని, తన ఎదురుగా ఉన్న చోటు చూపించింది.

నేను ఆవిడ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మా పెద్దసారు నేర్పింది అదే.

చిక్కు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఆసుపత్రివాళ్లకు ఎక్స్‌రే అలవాటు. రోగి ఎదురుగా ఉన్నట్టు చూస్తారు, అతని ఎడమ మన కుడికి వస్తుంది. మిగతా రెండు బృందాలు పని నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. మేమేమో ఎలుక వెనక నడుస్తున్నట్టు గీస్తాం. ఎవరికి వాళ్లు లోకమంతా ఇలాగే చూస్తుందనుకుని, ఎటునుంచి చూశామో బొమ్మ మీద రాయలేదు.

"మీరు చెప్పేది కరెక్టే కావచ్చు మేడమ్. కానీ మెదడు రెండు పక్కలా ఒకేలా ఉంటే ఏది ఏదో మెషీన్‌కి ఎలా చూపించాలి?" అన్నాడు ఇంజనీరు. నోటిమాట చాలదనీ, రుజువు లేకపోతే తీసేయక తప్పదనీ ఇంకెవరో అన్నారు.

పెద్దసారు నావైపు చూశారు. "నీ కాడ ఒక పెట్టె ఉండాది కదమ్మా," అన్నారు మెల్లగా.

ఉంది. ఆ ఎలుకల ఎడమ మీసాలు తీసింది ఆయనే. చెరిగిన వరస ఎటుంటే అది కుడి మెదడు, ఇక వాదన లేదు. పెట్టె తెరవకపోతే ఇన్నేళ్ల నా బొమ్మలన్నీ పోతాయి. తెరిస్తే నాదంటూ దాచుకున్నది ఒక్కటీ మిగలదు. ఈ చిక్కు వస్తుందని ఆయన ముందే కనిపెట్టి ఊరుకున్నారేమోనని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే.

వెళ్లి తెచ్చాను. గాజుపలక మైక్రోస్కోపు కింద పెట్టి నా బొమ్మ పక్కన పరిచాను. చెరిగిన వరస బొమ్మలో కుడి పక్కనే ఉంది. వెనకనుంచి చూసినట్టే. డాక్టరమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. ఇంత అందమైనది ఎక్కడ దాచారండీ అంది. మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు. ఆ గళ్ల సంగతి తర్వాత ఉమ్మడి వ్యాసంలోనే వచ్చింది. నా పేరు అక్షర క్రమంలో ఎక్కడో మధ్యలో పడింది. కృతజ్ఞతల్లోంచి బయటికైతే వచ్చాను, అంతవరకే ఒప్పుకుంటాను.

ఎర్రగీతలు తీసేసి నా బొమ్మలన్నింటినీ ఎదురునుంచి చూసినట్టు తిప్పాలన్నారు. ఒక్క మీట నొక్కితే అన్నీ తిరుగుతాయని ఇంజనీరు చెప్పాడు. నేను సోమవారం మళ్లీ బ్రూక్‌ఫీల్డ్ వెళ్లి అతని పక్కన కుర్చీ లాక్కున్నాను. ఒక్కొక్కటే తెరిపించి, తిప్పకముందూ తిప్పాకా చూసి, మీసం మీసానికి సరిపోయాకే ముందుకు పోనిచ్చాను. మధ్యాహ్నం దాటింది. అతనికి ఆకలి వేస్తున్నట్టుంది.

"మెషీన్ తప్పు చేయదు మేడమ్. నమ్మండి."

"సరే బాబూ. తర్వాతది తెరువు."