మా అన్నకు టోపీ పెట్టెటోడు

నా తల పెద్దది. ఇది గొప్ప కాదు, ఫిర్యాదు. చిన్నప్పుడు మా బాపు నా నెత్తి నిమిరి, "వీడు పెద్ద తలకాయ అయితడు" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. దేవుడు ఆ మాట సగమే విన్నాడు. సర్వే శాఖలో ఊరూరా పొలాలు కొలిచి రిటైరయ్యాను తప్ప, ఆఫీసులో ఏనాడూ పెద్ద తలకాయను కాలేదు.

ఆదిలాబాద్‌లో నా సడ్డకుడు ఉంటాడు, నా భార్య చెల్లెలి భర్త. పత్తి వ్యాపారం చేస్తాడు. మహారాష్ట్ర పక్కనే కాబట్టి అక్కడి పెళ్లిళ్లలో ఆ వైపు మర్యాదలు కొన్ని కలిసిపోయాయి. చుట్టాల్లో పెద్దవాళ్లను అందరి ముందూ కూర్చోబెట్టి, నెత్తిన తెల్ల టోపీ పెట్టి, భుజాల మీద టవలు కప్పుతారు. అతని పెద్దబిడ్డ పెళ్లిలో నన్నూ కూర్చోబెట్టారు. నా వంతు వచ్చింది. టోపీ ఎక్కలేదు. సడ్డకుడు ముందు నుంచి నొక్కాడు, వెనక నుంచి గుంజాడు. చివరికి అది గుండిగ మీద చెంబు మూత పెట్టినట్టు నడినెత్తిన నిలబడింది.

"కదలకుండ్రి సార్" అన్నాడు ఫొటోలు తీసేవాడు.

కదిలాను. టోపీ జారి ఒళ్లో పడింది. అప్పుడు సడ్డకుడు పందిరంతా వినబడేలా అన్నాడు: "మా అన్నకు టోపీ పెట్టెటోడు ఇంకా పుట్టలే!"

అది మెచ్చుకున్న మాటేనని నా భార్య ఇప్పటికీ వాదిస్తుంది. నన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదని అర్థమట. మెచ్చుకుంటే పందిరి పందిరంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వడం నేనెక్కడా చూడలేదు. అన్నం తినకుండా వచ్చేశాను. బస్సులో నా భార్యతో ఖరాఖండిగా చెప్పాను.

"నా తలకు పట్టే టోపీ పెట్టుకొని మళ్ల వాళ్ల పందిట్ల అడుగు పెట్టిన నాడే వాళ్ల అన్నం తింట. అప్పటిదాంక ముట్ట."

"చాయ్?"

"చాయ్ అన్నం గాదు."

"మిర్చీలు?"

కాసేపు ఆలోచించాను. "మిర్చీలు గూడ గాదు."

అప్పటి నుంచి ఆదిలాబాద్ వెళ్లినప్పుడల్లా వాళ్లింట్లో చాయ్ తాగి, మిర్చీలు తిని, అన్నం వేళకు బస్టాండుకు పోయి అరటిపండ్లు తినేవాణ్ణి. మా మరదలు మొదట్లో బతిమాలేది. తర్వాత మిర్చీలు ఎక్కువ చేయడం మొదలుపెట్టింది.

మా కరీంనగర్ బజారులో టోపీలకు కొదవ లేదు. ఎండకు, వానకు, చలికి, క్రికెట్‌కు వేరువేరు టోపీలు. అన్నిటి లోపలా 'ఫ్రీ సైజు' అని చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. ప్రతి దుకాణంలోనూ ఆ గుడ్డముక్క నన్ను మనుషుల లెక్కలోంచి తీసేసింది.

"దర్జీతోని కుట్టిచ్చుకోరాదు?" అంది నా భార్య.

కుట్టించుకుంటే నా తలకు లోకంలో టోపీ లేదని నేనే ఒప్పుకున్నట్టు. నాకు కావలసింది ఎవరో ఒకరు ఇదివరకే పెట్టుకు తిరిగిన టోపీ. ఇలాంటి తల ఈ భూమ్మీద ఇంకొకటి ఉండేదనడానికి సాక్ష్యం.

అట్లా ఫోన్లో పాత టోపీల వేలంపాటలకు చేరాను. విదేశాల్లో తాతలు పోతే వాళ్ల టోపీలను మనవలు అమ్మకానికి పెడతారు. ఉన్నిని ఒత్తి చేసిన టోపీలు, చుట్టూ అంచు, లోపల తోలు పట్టీ, దాని మీద సైజు అంకె. గడువు ముగిసేసరికి ఎవరు ఎక్కువ పాడితే టోపీ వాళ్లది. వినాయకుడి లడ్డూ వేలంలోనైతే ఎదురు పాడేవాడి ముఖం కనబడుతుంది, వాణ్ణి ఎగదోస్తున్నది ఎవరో కూడా తెలుస్తుంది. ఇక్కడ పేరుకు మొదటి అక్షరం, చివరి అక్షరం, నడుమ చుక్కలు. నేను మనసుపడ్డ మొట్టమొదటి టోపీని ఆఖరి క్షణంలో అట్లాంటి చుక్కలవాడొకడు తన్నుకుపోయాడు. వాడికోసం ప్రతి వేలంలో ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

నేను గెలిచిన మొదటి టోపీ సైజు ఏడు. నా చెప్పుల సైజు కూడా ఏడే. లెక్క కుదిరిందని సంబరపడ్డాను. బతుకంతా గొలుసు పట్టుకొని భూములు కొలిచినవాడికి తల కొలవాలని తట్టలేదు. ఆ టోపీ నా నెత్తిమీద కాకి వాలినట్టు కూర్చుంది. నా భార్య ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి మరీ చూసింది.

"పుట్టిండయ్యా. నీకు టోపీ పెట్టెటోడు పుట్టిండు. సముద్రం అవుతల పుట్టిండు!"

ఈసారి టేపు తీశాను. కనుబొమల పైన, చెవుల పైన, వెనకాల ఎత్తుగా ఉండే ఎముక మీదుగా చుట్టి కొలిస్తే అరవై రెండు సెంటీమీటర్లు. మళ్లీ కొలిస్తే అరవై రెండున్నర.

"కోపం మీదున్నవ్. జర సల్లబడ్డంక కొలువు" అంది నా భార్య.

చుట్టుకొలత అరవై నాలుగని రాసిన నల్ల టోపీని ధీమాగా పాడి గెలిచాను. అదీ ఎక్కలేదు. అమ్మినవాడు టోపీని బయటి నుంచి కొలిచాడు. ఉన్ని మందం, రిబ్బను మందం అన్నీ నా తల కిందే జమ కట్టాడు. పెద్ద ఫిర్యాదు రాసి పంపాను. తాను కొలిచింది టోపీననీ, నా తలను కాదనీ ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. హద్దురాళ్ల అవతలి నుంచి పొలం కొలిచే సర్వేయరును మా దగ్గర సస్పెండ్ చేస్తారని మళ్లీ రాశాను. దానికి జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మూడోసారి అమ్మకందారు ఒకావిడ. లోపలి తోలు పట్టీ వెంట టేపు పెట్టి ఫొటో తీసి పంపమని ఆమెను సతాయించాను. వేరే వైపు నుంచి ఇంకొకటి అడిగాను. చివరికి టోపీ వదిలించుకుంటే చాలనుకున్నట్టుంది, అడిగినవన్నీ పంపింది. బూడిదరంగు టోపీ, వాళ్ల తాతది. లోపల అరవై ఒకటి. పాతబడ్డ తోలు ముడుచుకుంటుందనీ, ఆవిరి తగిలితే సాగుతుందనీ అప్పటికి నేర్చుకున్నాను. ఇడ్లీ గిన్నె మూత తీసి టోపీని ఆవిరి మీద పట్టాను.

"టోపీల ఇడ్లీ వాసనొస్తే ఫికర్ లేదు" అంది నా భార్య. "ఇడ్లీలల్ల తాత వాసనొస్తది."

ఆవిరి కొంచెం ఎక్కువైంది, టోపీ వదులైంది. దానికీ మందు ఉంది. పాత పేపరును సన్నటి పట్టీలా మడిచి తోలు వెనక దూర్చాను. ఇక అది ఊగలేదు, జారలేదు. నా తల దాంట్లో ఇమిడిపోయింది. చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాను. ఆ తాత ఎవరో, ఏం పని చేసేవాడో. ఆయన్ను చూసి ఏ పెళ్లిలో ఎవరు నవ్వారో.

సడ్డకుడి చిన్నబిడ్డ పెళ్లి కుదిరిందని కబురొచ్చినప్పుడు నేను యుద్ధానికి సిద్ధంగా ఉన్నాను. మంచిర్యాల మీదుగా ఆదిలాబాద్ దాకా టోపీ డబ్బాను ఒళ్లో పెట్టుకొని వెళ్లాను. మండపం గేటు దగ్గర తీసి పెట్టుకున్నాను. సడ్డకుడు ఎదురొచ్చాడు. అతని ముఖం మాడిపోతుందని ఇన్నాళ్లూ ఎదురుచూశాను.

"అన్నా! ఏమున్నవే! అచ్చం దొర లెక్కున్నవ్! ఏడ దొరికిందే గిది?"

నిజంగానే మురిసిపోతున్నాడు. అంత శ్రమపడి కూడబెట్టుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. ఇంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది.

మర్యాదల వేళ మళ్లీ కూర్చోబెట్టారు. తెల్ల టోపీ పెట్టించుకోవాలంటే నా టోపీ తీయాలి కదా, తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మిగిలినవాళ్లకు కట్టలోంచి తీసి పెట్టిన సడ్డకుడు, నా దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి వేరే టోపీ తీశాడు.

"గిది అన్నకోసమే కుట్టిచ్చిన. అప్పుడు అన్నం తినకుంట పోయిండు మా అన్న. నేను మర్వలే."

మరచిపోనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్లూ. రెండు చేతులతో టోపీ పెట్టాడు. అది కనుబొమలు దాటి ముక్కు మీద ఆగింది. నాకు లోకం తెల్లగా కనబడింది.

పందిట్లో నవ్వు మొదలైంది. టోపీ అంచు ఎత్తి చూశాను. సడ్డకుడు నవ్వడం లేదు. పత్తి ధర పడిపోయిననాటి ముఖంతో నా భార్య వైపు చూస్తున్నాడు.

"వదినా, నువ్వు చెప్పిన కొలతనే గదా!"

"ఆయన నెత్తి ముట్టనిస్తడా?" అంది నా భార్య. "సరిపోయిన టోపీ ఇంట్ల ఉండె గదా అని దాన్నే కొలిచి చెప్పిన."

"లోపలనా, బయటనా?" అన్నాను టోపీ కిందినుంచి.

"బయటనే. లోపల నీ పేపర్లున్నయ్ గద!"

ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? సడ్డకుడు టోపీ తీసేయబోయాడు. అతని చేయి పట్టుకొని ఆపాను. జేబులో ఆ పెళ్లి కార్డే ఉంది. పొడుగ్గా మడిచి, మళ్లీ మడిచి, టోపీ లోపలి మడతలో చుట్టూ దూర్చి పెట్టుకున్నాను. నిలిచింది. ఫొటోగ్రాఫరు కదలొద్దన్నాడు. కదల్లేదు. ఆ ఫొటోలో నా ఎడమచెవి పైన పసుపు పూసిన కార్డు మూల బయటికి కనబడుతుంది, దుకాణంలో చీటీ తీయడం మరచిపోయిన సరుకులాగా. సరి చేయమని అడిగాను. చేయలేదు.

పంక్తిలో కూర్చున్నాను, ఆ టోపీతోనే. బూడిదరంగుది నా భార్య ఒళ్లో ఉంది. సడ్డకుడు తానే వచ్చి బగారన్నం వడ్డించాడు, పప్పుచారు పోశాడు. పోసి అక్కడే నిలబడ్డాడు. చుట్టూ వాళ్లు తింటున్నారు, అతను నా చేతినే చూస్తున్నాడు.

కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"పప్పుచార్ల ఉప్పు తక్కువైంది" అన్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. వంటల వైపు తిరిగి మండపమంతా వినబడేలా కేకేశాడు:

"ఉప్పు తక్కువైందట! అన్న తింటుండు!"