యాకూబ్ పెట్టిన టిక్కు

బందరులో ఆ ఆసుపత్రికి పుండ్లతో వచ్చినవాళ్ళందరికీ డ్రస్సర్ యాకూబ్ తెలుసు. కట్లు కట్టడం అతని పని. పురుగు పట్టిన కాలునైనా మొహం తిప్పుకోకుండా కడిగేవాడు. నర్సులు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునే చోట అతను వంగి వాసన చూసి, ఇది మానుతోందనో మానట్లేదనో చెప్పేవాడు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత పదిహేను రోజులు దివిసీమలో ఉండి, ఎవరూ ముట్టని పనులన్నీ చేసి వచ్చాడు. ఇంటికి రాగానే స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడని భార్య జాన్‌బీ చెప్పేది. అలాంటివాడికి రోత అంటే ఏమిటో భుజంగరావు గారి దగ్గర పనిచేసిన ఏడాదిలో తెలిసింది.

భుజంగరావు గారు సర్జను. డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో ఆయన తలదెబ్బల మీద పరిశోధన మొదలుపెట్టారు. బ్రిటన్‌లో డాక్టర్లు కొత్తగా ఒక లెక్క కట్టారట. తలకి దెబ్బ తగిలి వచ్చినవాడు కళ్ళు తెరిస్తే ఇన్ని మార్కులు, మాట్లాడితే ఇన్ని, చెయ్యీ కాలూ కదిపితే ఇన్ని. మొత్తం పదిహేను. పదమూడు గానీ ఆ పైన గానీ వస్తే చిన్న దెబ్బ కింద రాసుకునేవారు. ఎనిమిదికి దిగితే పెద్ద దెబ్బ. దానితోపాటు రోగులకి వెన్నులో సూది గుచ్చి కాస్త నీరు తీసి, చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో దాచేవారు. మెదడు నలిగితే అందులోని ఒక పదార్థం ఆ నీటిలోకి దిగుతుందనీ, అదెంత ఉందో కొలిస్తే మనిషి కోలుకుంటాడో లేదో ముందే చెప్పొచ్చనీ డాక్టరు గారు అనేవారు. యాకూబ్‌కి ఆ మాట నచ్చింది. మార్కులు వేయడం రెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

ఆరు నెలల తర్వాత ఆ రోగుల ఇళ్ళకి వెళ్ళి, ఎలా ఉన్నారో రాసుకొచ్చే పని కూడా అతనికే పడింది. కాగితం మీద అయిదు గళ్ళుండేవి. చనిపోయాడు, తెలివి రాలేదు, ఇంకొకరు చూసుకోవాలి, కొంత లోపం ఉంది, బాగున్నాడు. ఒకదాంట్లో టిక్కు పెట్టి కింద సంతకం చేయాలి.

నలభై ఒకటో నంబరు రత్తయ్య. కోడూరు దగ్గర పల్లెలో చిన్న రైతు. ఉప్పెన ఎత్తుకుపోయిన ఇంటి చోట మళ్ళీ పాక వేసుకుంటూ, తాటాకు కప్పుతూ కాలు జారి కిందున్న రోలు మీద పడ్డాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి మాట్లాడుతూనే ఉన్నాడు. పద్నాలుగు మార్కులు వచ్చాయి. చిన్న దెబ్బ. అయిదో రోజున తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళిపోయాడు.

అక్టోబరులో యాకూబ్ అవనిగడ్డ దాకా బస్సులో, అక్కణ్ణించి అద్దె సైకిలు మీద ఆ పల్లెకి వెళ్ళాడు. రత్తయ్య పాక ముందు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని కూర్చునున్నాడు. అతని భార్య దుర్గ స్టూలు వేసింది.

"నడుస్తున్నాడా అమ్మా? తన పనులు తను చేసుకుంటున్నాడా?" అని యాకూబ్ అడిగాడు.

"చేసుకుంటాడండీ. కానీ అన్నగారూ, ఈయన వెనకటి మనిషి కాదండీ. అన్నం వార్చేసరికి కుళ్ళు కంపంటాడు. కంచం విసిరేస్తాడు. కాసేపటికి తనే కూర్చుని ఏడుస్తాడు. పదేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న చెయ్యి చేసుకున్నాడు."

రత్తయ్య తల దించుకుని, "నా ఒళ్ళే నాకు కంపు కొడతంది బాబూ. రోజుకి నాలుగుసార్లు కాలవలో మునుగుతున్నా," అన్నాడు.

యాకూబ్ 'కొంత లోపం ఉంది' గడిలో టిక్కు పెట్టి కాగితం తెచ్చి ఇచ్చాడు. భుజంగరావు గారు చూసి చిరాకుపడ్డారు.

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడండీ."

"తింటున్నాడా?"

"కంపని విసిరేస్తున్నాడండీ. ఆకలికి తట్టుకోలేక ఎప్పుడో నాలుగు ముద్దలు మింగుతున్నాడు."

"మింగుతున్నాడుగా. పద్నాలుగు మార్కులవాడికి లోపమేమిటయ్యా? మన లెక్క చెడిపోదూ? మొగుడూ పెళ్ళాల గొడవలు పరిశోధనకి పనికిరావు."

ఆయన ఇంకో కాగితం ఇచ్చారు. యాకూబ్ 'బాగున్నాడు' గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు. పెద్ద చదువు చదివినాయన, ఆయనకి తెలియదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ చలికాలంలో అలా మరో పదకొండు కాగితాలు మార్చాడు.

మార్చి నెలలో ఫ్రిజ్ చెడిపోయింది. నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. యాకూబ్ తలుపు తీసేసరికి సీసాల్లో నీరు పాలు విరిగినట్టు అయిపోయి ఉంది. "పారబొయ్యి," అన్నారు డాక్టరు గారు. కొలవడానికి ఒక్క సీసా కూడా అంతకుముందు ఎక్కడికీ పంపలేదు. ముప్ఫై ఆరు సీసాలూ అతనే మోరీలో ఒంపి, కడిగి బోర్లించాడు. రెండు వారాల తర్వాత టైపు చేసిన కాగితాలు కుట్టమని అతని చేతికి వచ్చాయి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు చదవగలడు. నలభై ఒకటో నంబరు ఎదురుగా, వెన్ను నీరు కొలత దగ్గర ఒక అంకె ఉంది. మిగతా ముప్ఫై అయిదింటికీ ఉన్నాయి.

"అయ్యా, ఇవన్నీ పారబోశాం కదండీ?"

"అంచనా అయ్యా అది," అన్నారు ఆయన తల ఎత్తకుండా.

యాకూబ్ కాగితాలు బల్ల మీద పెట్టి, వెనక గోడ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

ఏడాది పూర్తయిందని ఏప్రిల్లో మళ్ళీ పల్లెకి పంపారు. ఈసారి రత్తయ్య అన్న యలమంద ఎదురొచ్చి, పశువుల కొట్టం వైపు చూపించాడు. అక్కడ చొప్ప పక్కన రత్తయ్య ముడుచుకుని ఉన్నాడు. ఎముకలు తేలాయి. వీపు మీద పలుపుతాడు దెబ్బలు చీము పట్టి ఉన్నాయి.

"ఎవరు కొట్టారు?"

"నేనే సాయిబు గారూ," అన్నాడు యలమంద. "పని ఎగ్గొట్టడానికి నాటకాలాడతన్నాడు. మీ ఆసుపత్రికే తీసుకొచ్చాం. అక్కడ కుర్ర డాక్టరు పాత కాగితం చూసి, వీడికేం జబ్బు లేదని రాసిచ్చాడు. ఊళ్ళో పెద్దలకీ చూపించా."

చూరులో దోపిన కాగితం తీసి ఇచ్చాడు. రత్తయ్య ఆరోగ్యంగా ఉన్నట్టు డ్రస్సర్ యాకూబ్ విచారణలో తేలిందని అందులో తెలుగులో రాసి ఉంది.

"ఆ విచారణ చేసింది నేనే," అన్నాడు యాకూబ్. "అది అబద్ధం యలమంద గారూ. తెలిసే రాశాను. తలదెబ్బకి ఈయన ముక్కు చెడింది, కోపం అదుపు తప్పింది. నాటకం కాదు."

యలమంద కొట్టం గుంజకి ఆనుకుని కూలబడ్డాడు.

యాకూబ్ నీళ్ళు కాయించి ఆ వీపు కడిగాడు. తన చేతుల్ని చూస్తే తనకే వెగటుగా ఉంది. రెండు రోజులు అక్కడే ఉండి ఏది పెడితే రత్తయ్య తింటాడో చూశాడు. వేడి అన్నం దగ్గరికి తెస్తే ఓకరించేవాడు. పొద్దున చల్లారిపోయిన చద్దన్నంలో ఉప్పూ పల్చటి మజ్జిగా కలిపి ఇస్తే మాత్రం తువ్వాలు తీసి మొత్తం తిన్నాడు.

దుర్గ మొగుడి కోపానికి తట్టుకోలేక నాగాయలంకలో పుట్టింట్లో ఉంది. యాకూబ్ సైకిలు మీద వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె కోడిపిల్లలకి నూకలు చల్లుతూ వింది.

"ఆ కాగితం రాసేటప్పుడు నేను చెప్పింది గుర్తు రాలేదా అన్నగారూ?"

"వచ్చిందమ్మా," అన్నాడు.

ఆమె మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

బందరు వచ్చాక అతను పన్నెండు కాగితాలూ మళ్ళీ నింపి, సంతకాలు చేసి భుజంగరావు గారి బల్ల మీద పెట్టాడు. ఆయన చదవకుండానే చించి బుట్టలో వేశారు. ఆ నెలాఖరున హైదరాబాదులో డాక్టర్ల సభలో ఆ పరిశోధన చదివారు. చిన్న దెబ్బ తగిలినవాళ్ళు నూటికి నూరుమందీ బాగున్నారని చదివితే చప్పట్లు కొట్టారట. యాకూబ్ పన్నెండు మంది పేర్లతో పైవాళ్ళకి తెలుగులో ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాడు. జవాబు రాలేదు. అతన్ని మాత్రం వార్డు నుంచి తీసి, బయట సెగ్గడ్డలకి కట్లు కట్టే గదిలో వేశారు.

వానాకాలంలో భుజంగరావు గారికి ప్రమోషను మీద బదిలీ అయింది. సన్మానానికి యాకూబ్ వెళ్ళలేదు. వెళ్ళబోయే ముందు ఆయనే ఆ గదికి వచ్చి నవ్వుతూ, "ఏమయ్యా, ఇంకా కోపమేనా?" అన్నారు.

యాకూబ్ ఒక ముసలమ్మ మడమ నుంచి చీము తీస్తున్నాడు. "కోపం లేదండీ. మిమ్మల్ని చూస్తే రోతగా ఉంటుంది. నన్ను చూసుకున్నా అంతే," అని పనిలో పడ్డాడు. ఆయన వెళ్ళిపోయారు.

ఆ తర్వాత రెండు నెలలకి దుర్గ పుట్టింటి నుంచి తిరిగి వచ్చింది. వంట బావగారింట్లో వండి, చల్లారాక తెచ్చి మొగుడికి పెడుతుంది. రత్తయ్య ఒక పూట అన్నతో పొలానికి వెళ్తాడు. రెండో పూటకి తల పట్టుకుని కూర్చుంటాడు. యలమంద ఏమీ అనడు. నెలకోసారి సెలవు చూసుకుని యాకూబ్ వస్తాడు, ఏ కాగితమూ తేకుండా. రత్తయ్యా అతనూ కాలవ గట్టున కూర్చుంటారు. దుర్గ అతనితో మాట్లాడదు. వెళ్ళేముందు మజ్జిగ మాత్రం పంపుతుంది.