సుగుణ ఒప్పుకోని ఆట

మా చిన్నప్పుడు ఆట అయిపోగానే ఎవరమూ ఇంటికి పోయేవాళ్లం కాదు... దుమ్ము కాళ్లతో నేరుగా సుగుణ వాళ్ల అరుగు ఎక్కేవాళ్లం. అయిపోయిన ఆట ఎలా సాగిందో ఆమెకు చెప్పాలి. అది మా క్వార్టర్స్ పిల్లల ఆచారం.

అరవయ్యవ దశకం చివరి రోజులవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో, తార్నాక వైపు చివరన, చిన్న ఉద్యోగుల ఇళ్ల వరుస మాది. పక్కింట్లో సుగుణ. వాళ్ల నాన్న లైబ్రరీలో పుస్తకాలకు బైండింగ్ చేసేవారు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం.

సుగుణకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందని డాక్టర్లు చెప్పారు. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడేవి... పరుగెత్తకూడదు. మా ఆటలన్నీ పరుగెత్తేవే.

అందుకే ఆ చెప్పడం. ఏడుపెంకులాట, చిర్రగోనె, హాస్టల్ అన్నలను చూసి కొత్తగా నేర్చుకున్న క్రికెట్... పాతదైనా కొత్తదైనా సరే. ఓడినవాళ్లు ముందు చెప్పాలి, గెలిచినవాళ్లు తర్వాత. మధ్యలో ఆగిన ఆట గురించి మాత్రం నోరెత్తకూడదు. ఈ నియమాలన్నీ సుగుణవే. ఒళ్లో చాట పెట్టుకొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది.

"ఒక్క దెబ్బకే పెంకులన్నీ పడ్డయ్," అన్నాడు ఒకనాడు మా అన్న యాదగిరి.

"ఒక్క దెబ్బకా? బంతి ముందుగాల గోడకు తాకింది యాదన్నా, నేను ఈడికెళ్లి ఇన్న. నీ గప్పాలు బస్టాండు దాకా ఇనవడ్తున్నయ్."

అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం, తలెత్తకుండానే అంది సుగుణ...

"మీరు చెప్తుంటే నాకు అంత కండ్లముందటనే కనవడ్తది. గానీ ఒక్కపారి నేను సుత ఆడాలె. ఓడిపోవాలె. ఓడినోళ్లే గదా మొదలు చెప్పేది? నాకొక్కపారి మొదలు చెప్పాలని ఉన్నది."



రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టింది మా అన్నే. ఇళ్లకు వేయగా మిగిలిన సున్నంతో, ఎదుటి ఖాళీ జాగాలో పెద్ద పులి-మేక గీతలు గీశాడు. బండ మీద గులకరాళ్లతో ఆడే ఆటను నేల మీదికి తెచ్చాడన్నమాట. రాళ్లకు బదులు పిల్లలమే. కొందరం మేకలు, కొందరు పులులు. ఒక్కొక్కరు తమ వంతు వచ్చినప్పుడు పక్క గీతల కూడలికి ఒక్క అడుగు వేస్తే చాలు. ఎవరూ పరుగెత్తనక్కరలేదు. పిల్లలు చాలక అడిక్‌మెట్ నుంచి కూడా పిలుచుకొచ్చాం.

సుగుణ మేక. పీట వేసుకొని కూర్చుంది. తన వంతు రాగానే లేచి, పీట జరుపుకొని, మళ్లీ కూర్చునేది. వాళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూస్తూ ఉంది.

మేక వెనుక కూడలి ఖాళీగా ఉంటే పులి ఆ మేకను దాటి పోవచ్చు. దాటితే మేక చచ్చినట్టే. పులులు కదలకుండా చుట్టూ కమ్మేస్తే మేకలది గెలుపు. ఆట చివరికొచ్చింది. ఇంకొక్క మేక పడితే పులులు గెలుస్తాయి. అన్న పులి. ఎదురుగా సుగుణ. ఆమె వెనుక జాగా ఖాళీ.

అన్న ఆమె వంక చూశాడు... పక్కకు అడుగు వేశాడు. తర్వాత కాసేపటికే మేకలం పులులన్నిటినీ కట్టేశాం. ఎగిరి గంతులేశాం.

సుగుణ గంతులేయలేదు. అరుగెక్కాక అన్న మొదలుపెట్టాడు.

"నేను చూస్కోలే..."

"చూసినవ్," అంది సుగుణ. "నువ్వు చూసినవ్, నేను సుత చూసిన. నా ఎనక జాగ ఖాళీ ఉండె. నన్నెందుకు ఇడిసిపెట్టినవ్ యాదన్నా?"

అన్న నేల చూపులు చూశాడు.

"ఈ ఆట అయిపోలే. దీని ముచ్చట ఎవ్వరు చెప్పొద్దు. మల్ల ఆడుదాం. గప్పుడు నన్ను ఇడువకు."

"ఇడువ," అన్నాడు అన్న.

ఆ వారంలోనే ఆపరేషన్‌కని ఆమెను మద్రాసు వైపు తీసుకెళ్లారు. తొలకరి నాటికి తిరిగొచ్చిన రిక్షాలోంచి వాళ్లమ్మా నాన్నా ఇద్దరే దిగారు...

వానలకు సున్నం తెల్లదనం పోయింది, గీతలు పోలేదు. జాగా అంతా గడ్డి మొలిచినా, ఆ గీతల వెంట మాత్రం మొలవలేదు. తర్వాత నేను నేలల గురించే చదువుకున్నాను, జీవితమంతా ఆ పనే చేశాను. సున్నం చిక్కగా పడిన చోట గడ్డి ఎందుకు ఆలస్యంగా మొలుస్తుందో వివరంగా చెప్పగలను. ఆ వానకాలమంతా మా అన్న ఆ గీతలు తొక్కకుండా, చుట్టూ తిరిగి బడికి వెళ్లడం గురించి మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను. ఆటలు మళ్లీ మొదలయ్యాయి. కానీ అయిపోగానే ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయేవాళ్లం...

ఇప్పుడు మా మనవరాలు వీడియో గేమ్ ఒకటి పూర్తి చేయగానే ఫోన్ కెమెరా ముందు కూర్చుంటుంది. ఎక్కడ ఓడిందో, ఎక్కడ మనసు కలుక్కుమన్నదో, ముఖం కూడా తెలియని వాళ్లకు ఓపికగా చెబుతుంది. పక్క గదిలోంచి వింటూ ఉంటాను. నాకది ఇష్టం.

మొన్న మా అన్న వస్తే ఆయననూ పక్కన కూర్చోబెట్టుకుంది.

"తాతా, నువ్వు లాస్టుకు ఫినిష్ చేసిన గేమ్ ఏంది? ఎట్లుండె, చెప్పు."



"ఒకటుండె బిడ్డా... అది ఇంక అయిపోలే."

ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు, ఆ అరుగూ లేదు. సుగుణ వద్దన్న ముచ్చటను ఇన్నేళ్లకు నేనే ఇక్కడ చెప్పేశాను... ఆట అయిపోగానే మీరు ఎవరి అరుగు ఎక్కేవారు? చెప్పండి, వింటాను. ఓడిన ఆటలతోనే మొదలుపెట్టండి.