నేను తుడవని ఈజిప్టు

మోండా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు ముందు ఇవాళ ఒక నల్లబోర్డు కనిపించింది. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచేదెవరో సుద్దముక్కతో రాసి పెట్టారు. బ్రెజిల్, అర్జెంటీనా, ఫ్రాన్స్. ఆ సుద్దపొడి వాసనకి మన మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ గుర్తొచ్చాయి.

మన లైను పిల్లలూ, మీకూ గుర్తుందా? కప్పు మొదలవగానే ఎవరి ఇంటి తలుపు మీద వాళ్లం, గెలుస్తుందనుకున్న జట్టు పేరు రాసేవాళ్లం. తలుపుల ఆకుపచ్చ రంగు మీద సుద్ద కీచుమంటే పళ్లు జివ్వుమనేవి. జట్టు ఓడితే రాసినవాళ్లే అందరి ముందూ తడిగుడ్డతో తుడవాలి.

సాంఘికశాస్త్రం పుస్తకంలో పిరమిడ్లు చూసి నేను ఈజిప్టు రాశాను. అది మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. బ్రెజిల్ రాసిన పక్కింటి మల్లేశ్ తడిగుడ్డ పట్టుకుని, మిమ్మల్నందర్నీ వెంటేసుకుని వచ్చాడు.

"ఏందీ, ఇంకా తుడుస్తలేవు? ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏం సమజైతది?"

నాకు ఒళ్లు మండింది. తుడవనన్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అమ్మ, చపాతీ పిండి చేతులతోనే గుమ్మంలోకొచ్చింది.

"తలుపు మాది. ఓడిందో గెలిచిందో మా పిల్ల సూసుకుంటాది. ఎల్లండి."

తర్వాత బ్రెజిల్ కూడా ఓడింది. మల్లేశ్ తన తలుపు తనే తుడుచుకున్నాడు. మన లైనులో చివరికి మిగిలినవి రెండే పేర్లు: కప్పు గెలిచిన జర్మనీ, నా ఈజిప్టు.

"మేడమ్, మీరు సుత ఒక పేరు రాయుండ్రి. ఓడితే తుడిచేస్తం" అన్నాడు ఇవాళ కొట్టతను నవ్వుతూ.

ఈజిప్టు అని రాశాను, బోర్డులో అన్నిటికంటే పెద్దగా.

"తుడిచావంటే ఇక నీ దగ్గర ఉల్లిపాయలు కొనను."