క్వెరీ ఒకటి, పేర్లు రెండు, పగిలిన తలలు పదకొండు

వినోద్ ఈగను కూడా కొట్టి ఎరగడు. అతను రాసిన ఒక్క వరస ప్రోగ్రాం మాత్రం ఒక్క ఉదయంలో పదకొండు తలలు పగలగొట్టింది.

శ్రీకాకుళం తీరాన జాలరి ఇంట పుట్టి, ఆమదాలవలసలో కంప్యూటర్ పని చేసుకుంటున్న ఈ మహనీయుడికి ఊరి పెద్దలు వలల వంతుల పట్టీలు తీసే బాధ్యత అప్పగించారు. ఎగువ వీధికొకటి, దిగువ వీధికొకటి. పట్టీలో లేని వల సముద్రంలో పడదు. ఆ రోజు ఎగువ వీధి లక్ష్ముడిది మొదటి వంతు. తప్పితే మళ్లీ పన్నెండు రోజులకు. చేపల మంద ఒడ్డు దాకా వచ్చి ఉంది.

ఎగువ వీధి వలలేవని డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను వినోద్ ఒక వస్తువుగా కట్టాడు. దాన్ని క్వెరీ ఆబ్జెక్ట్ అంటారు. దానికి ‘ఎగువ’ అని పేరు పెట్టాడు. తర్వాత ‘దిగువ = ఎగువ’ అని రాసి, ‘దిగువ’లో వీధి మార్చాడు. ఆ ఊళ్లో వలను చీల్చి, కొత్త పేరు పెట్టి, పసుపు పూస్తే అది వేరే వల, దాని వంతు వేరు. పేరు పెడితే చాలనుకున్నాడు వినోద్. కంప్యూటర్‌కు ఆ ఆచారం లేదు. పేర్లు రెండయ్యాయి గానీ ప్రశ్న ఒకటే. ఒక పేరు మీద మార్చింది రెండో పేరుకూ మారింది.

వలల పాక గోడకు అంటించిన రెండు కాగితాల్లోనూ దిగువ వీధి వలలే.

“నా వలేదిరా?” అన్నాడు లక్ష్ముడు.

“కంప్యూటరు నిన్ను తీసీసినాది బావా! ఇంటికెల్లి తొంగో,” అని దిగువ వీధి గంగులు నవ్వాడు.

లక్ష్ముడి తెడ్డు తగిలి ఆ నవ్వూ, రెండు పళ్లూ కలిసి ఇసకలో పడ్డాయి. పిమ్మట ఉభయ వీధుల ప్రముఖులు తెడ్లతో, కావిడి బద్దలతో అభిప్రాయాలు వెలిబుచ్చారు. లక్ష్ముడి నెత్తి చీలింది. దిగువ వీధి అసిరయ్య మోచెయ్యి విరిగిన చప్పుడు అలల హోరులోనూ వినబడింది.

పట్టీలు అంటించడానికి ఊరొచ్చిన వినోద్ పరుగున వచ్చి మధ్యలో నిలబడ్డాడు. “ఆగండర్రా! తప్పు నాది. పేర్లు రెండు పెట్టినాను గానీ ఉన్నాది ఒకటే!”

“ఒకటేటి?” గంగులు తెడ్డు దించలేదు.

“లచ్చుముడ్ని నువ్వు బావంతావు, నాను మావంతాను. నువ్వు నీ బావని కొడితే నా మావకి నెత్తురు రాదేటి?”

గంగులు లక్ష్ముడి నెత్తురు వంక చూశాడు. శాస్త్రం బోధపడింది. తెడ్డు దిగింది.

వినోద్ దిగువ వీధికి వేరే ప్రశ్న కొత్తగా కట్టి, పట్టీలు మళ్లీ తీసి చదివాడు. ఎగువ వీధి, మొదటి వంతు, లక్ష్ముడు. కాదనే ఓపిక ఎవరికీ లేదు.

సముద్రంలో వేసిన పెద్దవలను ఒడ్డుకు లాగడానికి రెండు వీధుల నుంచీ నలభై మంది కావాలి. నిలబడగలిగినవాళ్లు పదిహేడు మంది. లక్ష్ముడు నెత్తికి తువ్వాలు బిగించాడు.

“ఏటి సూస్తన్నావురా? తాడట్టు!”

వినోద్ పట్టాడు. నెత్తురు ఉమ్మి గంగులూ పట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వల సగం దూరం వచ్చి ఆగిపోయింది. చేపలు అడుగు నుంచి జారి, వంతు అడగకుండానే వెళ్లిపోయాయి.